ఇంగ్లీషులో ఈకల మాటలు, 3వ పాఠం: వచ్చినవి రెక్కలా, ఈకలా?

ఈ వారం ఈకల మీద ఉన్న నానుడులు మొదలుపెడదామనుకున్నాను. పోయినసారి ఇచ్చిన అభ్యాసానికి మీ జవాబులు చూశాక ఆగాల్సి వచ్చింది. "పిచ్చుక పిల్లలకి రెక్కలొచ్చాయి" అన్నదాన్ని దాదాపు అందరూ "ద స్పారో చిక్స్ గాట్ వింగ్స్" అని రాశారు. వ్యాకరణం బాగానే ఉంది, తప్పు పక్షి దగ్గర జరిగింది.

మా ఇంటి వెంటిలేటర్ సందులో ఒకసారి పిచ్చుక గూడు పెట్టింది. గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చిన మర్నాడు స్టూలు వేసుకుని చూశాను. ఒంటి మీద ఒక్క ఈక లేదు, కళ్ళు తెరవలేదు, పొట్ట చర్మం లోంచి లోపలిదంతా కనబడుతోంది. కానీ రెండు పక్కలా పొట్టి రెక్కలు మాత్రం ఉన్నాయి! రెక్కలు పుట్టుకతోనే ఉంటాయి, తర్వాత వచ్చేవి ఈకలు. వారం తిరిగేసరికి ఆ రెక్కల మీద నల్లటి ముళ్ళు లేచాయి. వాటిని పిన్ ఫెదర్స్ అంటారు. ఒక్కో ముల్లు కొన విచ్చుకుని, కుంచెలాగా ఈక బయటపడింది. ఇంకో వారానికి గూడు ఖాళీ. మనం "రెక్కలొచ్చాయి" అంటున్నామంటే ఎగరడానికి సరిపడా ఈకలొచ్చాయనే. దానికి ఇంగ్లీషులో ఫ్లెడ్జ్ అనే క్రియ ఉంది. "ద చిక్స్ హ్యావ్ ఫ్లెడ్జ్‌డ్" అంటే సరిపోతుంది.

"ఫుల్ ఫ్లెడ్జ్‌డ్‌గా వ్యాపారంలోకి దిగాడు" అని మనం రోజూ అనే మాటలో ఉన్నది ఈ ఈకలే. చివర "లింగ్" ఉంటే చాలాసార్లు అది పసిదని అర్థం, డక్‌లింగ్ లాగా. నేను ఇలాగే గుర్తుపెట్టుకున్నాను. గూడు వదలనిది నెస్ట్‌లింగ్, ఈకలొచ్చి అప్పుడప్పుడే ఎగురుతున్నది ఫ్లెడ్జ్‌లింగ్. నిన్నగాక మొన్న పెట్టిన కంపెనీ కూడా ఫ్లెడ్జ్‌లింగే.

డౌన్ జాకెట్ అంటే కిందికి వేలాడే జాకెట్ అని రాసినవాళ్ళకి: ఈ డౌన్‌కీ కిందకీ సంబంధం లేదు. పైఈకల అడుగున ఉండే మెత్తటి నూగే డౌన్. బాతుల నూగు కూరిన జాకెట్ అది.

ఇక అసలు చిక్కు. "బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్" అన్నదాన్ని ఒకరు "బర్డ్స్ ఆఫ్ ఫెదర్స్" చేశారు, ఇంకొకరు "ఒక ఈక ఉన్న పక్షులు" అన్నారు. ఆ "ఎ" ని దయచేసి ముట్టుకోవద్దు. మాట ప్రాణమంతా దానిలోనే ఉంది. ఇక్కడ "ఎ" అంటే "ఒకే" అని అర్థం. ఒకే రకం ఈకలున్న పక్షులు, అంటే ఒకే రకం మనుషులు. అసలు ఈ "ఎ", "యాన్" లు పుట్టిందే "ఒకటి" అనే పాత ఇంగ్లీషు మాట నుంచి. 1545లో విలియం టర్నర్ అనే ఇంగ్లీషు రచయిత ఈ సామెతనే "ఒకే జాతి, ఒకే రంగు పక్షులు ఎప్పుడూ కలిసి ఎగురుతాయి" అనే అర్థంలో రాశాడు. "దే ఆర్ ఆఫ్ యాన్ ఏజ్" అంటే ఇద్దరిదీ ఒకే ఈడు. "ఆఫ్ ఎ సైజ్" అంటే ఒకే కొలత. "ఆఫ్ ఎ మైండ్" అంటే ఒకే మాట మీద ఉన్నవాళ్ళు. "టూ ఆఫ్ ఎ కైండ్" కూడా అంతే. ఇది మనకి వింతగా అనిపించాల్సిన పని లేదు. "వాళ్ళిద్దరూ ఒక తల్లి బిడ్డలు" అంటాం. అక్కడ "ఒక" అంటే ఎవరో ఒక తల్లి అని ఎవరైనా అనుకుంటారా? ఒకే తల్లి అనే కదా! "ఒక ఊరివాళ్ళం", "ఒక కంచంలో తిన్నాం" కూడా ఆ తీరువే. మన "ఒక" చేసే పనినే వాళ్ళ "ఎ" చేస్తోంది. తెలుగులోకి తెచ్చేటప్పుడు పక్షులనీ ఈకలనీ వదిలేయండి. "అందరూ ఒకే తాను ముక్కలు" అంటే అర్థంతో పాటు అందులోని ఎత్తిపొడుపు కూడా వచ్చేస్తుంది.

"ఎ ఫెదర్ ఇన్ హర్ క్యాప్" కి కలికితురాయి ఉండనే ఉంది, వెతకక్కర్లేదు.

"షో ద వైట్ ఫెదర్" ని అందరూ తెల్లజెండాతో కలిపి శాంతి అన్నారు. దాని అర్థం పిరికితనం చూపడం. తోకలో తెల్ల ఈక ఉన్న పుంజు మేలుజాతిది కాదని, పోరులో నిలవదని ఇంగ్లండులో కోడిపందేలవాళ్ళు నమ్మేవారు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన కొత్తలో, 1914 ఆగస్టులో, ఆ దేశంలోని ఫోక్‌స్టన్‌లో, సైన్యంలో చేరని మగవాళ్ళకి ఆడవాళ్ళు తెల్ల ఈకలు పంచారు. చేతిలో ఈక పెడితే అదెంత అవమానమో అక్కడ అందరికీ తెలుసు. మన గోదావరి జిల్లాల్లోనూ పుంజులకి ఈకల రంగును బట్టే పేర్లు: కాకి, డేగ, సేతువ. కానీ తెల్లటి సేతువని ఇక్కడ పందేనికి దించుతారు. అందుకే ఈ మాట మనకి ఊహకి అందదు, నేర్చుకోవాల్సిందే.

అభ్యాసం: రాలిపడిన కాకి ఈకో, పావురం ఈకో ఒకటి తెచ్చుకోండి. కొన నుంచి మొదలు వైపుకి వేళ్ళతో దువ్వితే పోగులు విడిపోతాయి. మొదలు నుంచి కొనకి దువ్వితే మళ్ళీ అతుక్కుంటాయి, వాటికి కంటికి ఆనని కొక్కేలుంటాయి. పక్షి ముక్కుతో చేసే ఈ పనిని ప్రీన్ అంటారు. డిక్షనరీ తెరవకుండా ఆ ఈక గురించి పన్నెండు ఇంగ్లీషు వాక్యాలు రాయండి. నాలుగింటిలో "ఆఫ్ ఎ" రావాలి. కనీసం ఒకదానిలో ఫ్లెడ్జ్ ఉండాలి, ఒక్కదానిలోనూ వింగ్ ఉండకూడదు.