రొయ్యల పొట్టుతో మురికినీళ్లు తేరతాయి, కానీ పొట్టు అలాగే వేస్తే కాదు

ఆదివారం రామ్‌నగర్ చేపల మార్కెట్‌కి వెళ్తే రొయ్యలు ఒలిచిన పొట్టు కుప్పలుగా పడి ఉంటుంది. అందులో పొట్టుని గట్టిగా ఉంచే కైటిన్ అనే పదార్థం ఉంది, దాన్నుంచి తీసే కైటోసాన్ మురికినీళ్లని పటికలాగే తేరుస్తుంది. మన పెద్దవాళ్లు చిల్లగింజ అరగదీసి బురదనీళ్లు తేర్చుకున్నారు కదా, పని ఇంచుమించు అదే. నీళ్లలో మురికి రేణువులకి రుణావేశం ఉండి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ అడుక్కి దిగవు, పులుపు నీళ్లలో కరిగిన కైటోసాన్‌కేమో ధనావేశం, అది వాటిని దగ్గరికి లాగి ముద్దలు కట్టిస్తుంది.

పొట్టు ఎండబెట్టి మిక్సీలో పొడి చేసి కలిపితే చాలని నేనూ అనుకున్నాను. ఆ పొడి కరగదు, అందులో ఉన్న ప్రోటీన్ కుళ్లి రెండో రోజుకే బకెట్ కంపు కొట్టింది. ఆమ్లంతో సున్నం, పల్చటి కాస్టిక్ సోడాతో ప్రోటీన్ తీసేసి, మిగిలినదాన్ని 40–50 శాతం కాస్టిక్‌లో 100 డిగ్రీల దగ్గర ఉడికిస్తేగానీ కైటోసాన్ రాదు. ఇంట్లో ఆ పని పెట్టుకోకండి, చుక్క చిందితే కళ్లు పోతాయి. కైటోసాన్ పొడి కొనుక్కోండి, డీఎసిటైలేషన్ (కైటిన్ ఎంత మేర కైటోసాన్‌గా మారిందో చెప్పే లెక్క) 85 శాతం పైన ఉన్నది అడగండి. రొయ్యలు పడనివాళ్లు దీని జోలికి రావద్దు.

4 శాతం వెనిగర్ 25 మిల్లీలీటర్లకి 75 మిల్లీలీటర్ల మంచినీళ్లు కలిపి, 1 గ్రాము పొడిని కొద్దికొద్దిగా వేస్తూ తిప్పి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి జిగటగా అవుతుంది. ప్రతి మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాముల కైటోసాన్ ఉన్నట్టు.

ఇప్పుడు అసలు పని. గ్లవ్స్ వేసుకుని ఒకే చోట పట్టిన నీళ్లని ఒక్కో లీటరు చొప్పున నాలుగు సీసాల్లో పోసి, సూది తీసేసిన సిరంజితో ఆ జిగట ద్రావణాన్ని ఒక్కో సీసాలో వరసగా 0.2, 0.5, 1, 2 మిల్లీలీటర్లు వేయండి. ఒక నిమిషం గబగబా, తర్వాత పావుగంట మెల్లగా తిప్పి, అరగంట కదపకుండా ఉంచండి. మా వీధి చివరి నాలా నీళ్లకి 0.5 సీసా బాగా తేరింది, 2 వేసినది మళ్లీ మసకబారింది, ఎందుకంటే మోతాదు మించితే రేణువులన్నిటికీ ధనావేశం వచ్చి మళ్లీ నెట్టుకుంటాయి. అందుకే ఎక్కువేస్తే ఎక్కువ శుభ్రం అనే లెక్క ఇక్కడ చెల్లదు, నీళ్లు మారిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయాల్సిందే. సబ్బునీళ్లయితే ముందు పీహెచ్ పేపర్‌తో (నీళ్ల పులుపు, క్షారం చూపించే కాగితం) చూసి, 7 దాటితే వెనిగర్ చుక్కలతో 6 దగ్గరికి దించండి.

పైనున్న తేటని గుడ్డలో వడకట్టండి. చూడ్డానికి ఎంత తేటగా ఉన్నా తాగకండి, కరిగిన ఉప్పులు పోవు, క్రిములన్నీ చావవు. ఫ్యాక్టరీ నీళ్లయితే అసలు ముట్టుకోవద్దు. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల నీళ్లని శుద్ధి చేసి వదిలినవాటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో ఒక అధ్యయనం బయటపెట్టింది, అలాంటిది మన సీసాలతో తేలే పని కాదు.

అడుగున దిగిన మడ్డిని మాత్రం మళ్లీ నాలాలో పారబోయకండి. ఎండబెట్టి, కవర్లో కట్టి, చెత్తబండికి విడిగా ఇవ్వండి.