వెనక్కి పిలిచిన సరుకును దుకాణం ఆ తర్వాత కూడా అమ్మిందా?

ఏదైనా ఆహార పదార్థాన్ని భద్రతా కారణాలతో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటన వెలువడినప్పుడు, మన ఇంట్లో ఉన్న ప్యాకెట్టును దుకాణంవారు దానికి ముందు అమ్మారో, తర్వాత అమ్మారో తేల్చుకోవడం చికాకైన పని. ముందుగా ప్యాకెట్టు మీది బ్యాచ్ నంబరును, గడువు తేదీని ప్రకటనలో ఇచ్చిన వాటితో ఒక్కో అక్షరమూ సరిచూడాలి. ఇవి తరచుగా సీలు మడతలోనో, డబ్బా అడుగునో చుక్కల అక్షరాలతో అచ్చయి ఉంటాయి కనుక, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే 3కీ 8కీ తేడా తెలుస్తుంది. అవి కలిస్తేనే బిల్లు తేదీని ప్రకటన తేదీతో పోల్చాలి. ఆ ప్రకటనను తర్వాత విస్తరించి ఉంటే, మన బ్యాచ్‌ను అందులో చేర్చిన తేదీనే లెక్కలోకి తీసుకోవాలి. బిల్లు పోయినవారికి కార్డు చెల్లింపుల వివరాల్లో తేదీ దొరుకుతుంది గానీ ఏం కొన్నదీ ఉండదు. దుకాణం యాప్‌లో కొనుగోళ్ల జాబితా ఉంటే అదే మేలు. బిల్లు మీద సాధారణంగా బ్యాచ్ నంబరు ఉండదు కాబట్టి, ప్యాకెట్టు పారేసినా, సరుకును విడిగా తూకం వేయించుకుని కొన్నా ఈ పద్ధతి పనిచేయదు.