జీఐఎస్ స్వయంబోధిని, మూడవ పాఠం: విస్తీర్ణం కొలిచే ముందు ప్రొజెక్షన్

గత పాఠంలో జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) సాఫ్ట్‌వేర్ అయిన క్యూజీఐఎస్‌లో ఉపగ్రహ చిత్రాన్ని తెరిచి, దానిపై బహుభుజి గీయడం నేర్చుకున్నాం. ఈసారి గీసినదాని విస్తీర్ణాన్ని సరిగా కొలుద్దాం. అందుకు ముందు ప్రొజెక్షన్‌ను, అంటే గుండ్రని భూమిని చదునైన పటంపైకి తెచ్చే పద్ధతిని, సరిగా ఎంచుకోవాలి. విశ్వవిద్యాలయంలో జియోఇన్ఫర్మాటిక్స్ చదవదలచినవారు అన్నింటికంటే ముందు గట్టిపరచుకోవలసింది ఇదేనని నా అభిప్రాయం. ఎందుకంటే జలాశయాల నీటి వ్యాప్తి, భూవినియోగం, తీరరేఖ మార్పు వంటి లెక్కలన్నీ దీనిమీదే ఆధారపడతాయి, ఇక్కడ దొర్లిన తప్పును సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఎత్తి చూపదు.

నెల్లూరు జిల్లాలోని ముత్తుకూరు లేదా ఇందుకూరుపేట ప్రాంతంలో ఒక రొయ్యల గుంటను ఎంచుకొని, గట్టు లోపలి అంచు వెంట బహుభుజి గీయండి. ఇంటర్నెట్ నుంచి వచ్చే ఉపగ్రహ చిత్రాలు సాధారణంగా వెబ్ మెర్కేటర్ ప్రొజెక్షన్‌లో, అంటే ప్రొజెక్షన్‌లను గుర్తించే ఈపీఎస్‌జీ సంకేతాల్లో 3857లో ఉంటాయి. ఈ ప్రొజెక్షన్‌లో భూమధ్యరేఖ నుంచి దూరం జరిగేకొద్దీ పరిమాణం పెరుగుతుంది. నెల్లూరు అక్షాంశం సుమారు 14.4 డిగ్రీలు, అక్కడ విస్తీర్ణంలో ఆ పెరుగుదల 7 శాతం వరకు ఉంటుంది. నేల మీద సరిగ్గా ఎకరా, అంటే 100 సెంట్లు ఉన్న గుంట పటంలో 107 సెంట్లుగా తేలుతుంది. కౌలు, సీడు, మేత అన్నీ ఎకరా లెక్కన నడిచే చోట ఇది చిన్న తేడా కాదు.

దీనికి మందు యూటీఎం (యూనివర్సల్ ట్రాన్స్‌వర్స్ మెర్కేటర్) అనే ప్రొజెక్షన్ పద్ధతి. ఈ పద్ధతి భూగోళాన్ని 6 డిగ్రీల వెడల్పుగల 60 జోన్‌లుగా విభజిస్తుంది. 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య ప్రాంతం 44వ జోన్. నెల్లూరు, ఒంగోలు, మార్కాపురం, గిద్దలూరు అన్నీ ఇందులోకే వస్తాయి, దీని ఉత్తరార్ధగోళ సంకేతం ఈపీఎస్‌జీ 32644. రాష్ట్రమంతటికీ ఇదే చెల్లుతుందనుకోవద్దు: అనంతపురం 43వ జోన్‌లో, ఇచ్ఛాపురం 45వ జోన్‌లో ఉన్నాయి. నెల్లూరు దగ్గర యూటీఎం విస్తీర్ణంలో వచ్చే దోషం ఎకరాకు సెంటులో ఇరవయ్యో వంతు మాత్రమే.

ఏ ప్రొజెక్షన్‌లో ఉన్నామో తెలుసుకోవడానికి తెర అడుగున కనిపించే నిరూపకాలను చదవడం అలవాటు చేసుకోండి. నెల్లూరు పట్టణం మీద మౌస్ ఉంచినప్పుడు తూర్పు విలువ 80కి కాస్త తక్కువగా కనిపిస్తే అవి డిగ్రీలు, 89 లక్షల మీటర్లు కనిపిస్తే వెబ్ మెర్కేటర్, 3,90,000 మీటర్ల దగ్గర ఉంటే 44వ జోన్. యూటీఎంలో 81 డిగ్రీల మధ్య రేఖాంశానికి 5,00,000 మీటర్ల విలువ ఇచ్చారు గనుక, దానికి పడమరగా ఉన్న నెల్లూరుకు అంతకంటే తక్కువ విలువ రావడం సహజం.

ఇక్కడే చాలామంది విద్యార్థులు తడబడతారు. పొరకు, అంటే మనం గీసిన బహుభుజి ఉండే లేయర్‌కు, ప్రొజెక్షన్ పేరు పెట్టడం వేరు, పొరను మరో ప్రొజెక్షన్‌లోకి మార్చడం వేరు. ‘సెట్ లేయర్ సీఆర్ఎస్’ (సీఆర్ఎస్ అంటే నిరూపక వ్యవస్థ) ఆదేశం నిరూపకాల అంకెలను తాకదు, వాటికి అర్థం మాత్రమే చెబుతుంది. అందువల్ల వెబ్ మెర్కేటర్ పొరకు 32644 అని పేరు పెడితే గుంట నెల్లూరులో ఉండదు. అంకెలు మారాలంటే ‘రీప్రొజెక్ట్ లేయర్’ వాడాలి. పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు (స్థలాకృతి పటాలు) ఎవరెస్ట్ దీర్ఘవృత్తాభం, అంటే భూమి ఆకారానికి అప్పట్లో వాడిన గణిత నమూనా, ఆధారంగా తయారైనవి. వాటిని నేటి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అని చెప్పి తెరిస్తే మన తీరంలో వంద మీటర్లకు పైగా జరుగుతాయి, పులికాట్ ఒడ్డున ఉన్న గుంట సరస్సులోకి వెళ్లిపోవడానికి అంత జరగడం చాలు.

అభ్యాసం: మీ గుంట పొరను 3857లోనూ 32644లోనూ విడివిడిగా భద్రపరచి, ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో రెండు పొరలకూ చదును విస్తీర్ణం లెక్కించండి. ఇందుకు జ్యామితిని బ్రాకెట్లలో తీసుకునే ‘ఏరియా’ ఫంక్షన్ వాడాలి. డాలర్ గుర్తుతో మొదలయ్యే ‘ఏరియా’ ప్రాజెక్టులో ఎంచిన దీర్ఘవృత్తాభం మీద లెక్కిస్తుంది కాబట్టి రెండింటికీ దాదాపు ఒకే జవాబు వచ్చి తేడా కనబడదు. వచ్చిన చదరపు మీటర్లను 40.47తో భాగిస్తే సెంట్లు వస్తాయి. తర్వాత ఇదే పనిని గిద్దలూరు దగ్గరి ఒక చెరువుతో చేసి, అక్కడి పెరుగుదల శాతం నెల్లూరు శాతం కంటే కొద్దిగా ఎందుకు ఎక్కువో రాసుకోండి. నాలుగవ పాఠం ఆ జవాబుతోనే మొదలవుతుంది.