పరుగు అయిన రెండో రోజు కాళ్లు పట్టేస్తే: ఏది మామూలు, ఏది కాదు

ఆదివారం పరిగెత్తారు. ఆ రోజంతా హాయిగానే ఉంది. సోమవారం పొద్దున లేచేసరికి తొడలు బిగుసుకున్నాయి. మంగళవారం మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగాల్సి వస్తోంది. చిత్రంగా, ఎక్కడానికి మాత్రం అంత కష్టం లేదు. ఆ తేడా గుర్తుంచుకోండి, కారణం అందులోనే దొరుకుతుంది.

ముందు, ఇది వ్యాయామం తర్వాత ఆలస్యంగా వచ్చే మామూలు కండరాల నొప్పేనా?

వ్యాయామం అయిన 12 నుంచి 24 గంటల్లో మెల్లగా మొదలవుతుంది. రెండో రోజో మూడో రోజో బాగా ముదురుతుంది. వారం తిరిగేలోపు పోతుంది. రెండు కాళ్లలోనూ ఇంచుమించు ఒకేలా, కండ అంతటా పరుచుకుని ఉంటుంది. నొక్కినా, సాగదీసినా, కుర్చీలోంచి లేచినా తెలుస్తుంది. కదలకుండా కూర్చుంటే పెద్దగా ఉండదు. నాలుగడుగులు వేస్తే కాస్త సడలుతుంది. ఇవన్నీ సరిపోతే కంగారు పడాల్సింది లేదు.

సరిపోకపోతే మాత్రం ఆగండి. పరుగు మధ్యలో చటుక్కున పట్టి, ఒకే చోట పొడిచినట్టున్న నొప్పి కండరం చిరగడం కావచ్చు. ఎముక మీద వేలితో చూపించగలిగేంత చిన్న చోట నొప్పి, అదీ అడుగు వేసిన ప్రతిసారీ వస్తుంటే, ఎముకలో సన్నని బీట పడిందేమో చూపించుకోవాలి. ఒక్క పిక్కే వాచి, వేడెక్కి, ఎర్రబడితే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

అన్నిటికన్నా భయపడాల్సింది మూత్రం రంగుకి. కండలు విపరీతంగా వాచి, చేతులో కాళ్లో లేవనంత నీరసంతో పాటు మూత్రం కోలా రంగులోకి మారిందంటే, దెబ్బతిన్న కండరంలోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతోందని అర్థం. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. చాలా రోజుల విరామం తర్వాత ఒక్కసారిగా వందల స్క్వాట్లు చేసినవాళ్లలోనూ, మండే ఎండలో శక్తికి మించి శ్రమించినవాళ్లలోనూ ఇది వస్తుంది. నీళ్లు తాగి చూద్దాం, రేపటికి తగ్గుతుందిలే అనుకోకండి. నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

అసలు ఎందుకు వస్తుంది?

శ్రమించే కండరంలో తయారయ్యే లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయిందని జిమ్‌లో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. అది నిజం కాదు. పరుగు ఆపిన గంటకల్లా రక్తంలో లాక్టేట్ (ఒంట్లో ఆ యాసిడ్ ఉండే రూపం) దాదాపు మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మర్నాడు పుట్టే నొప్పి దాని ఖాతాలో వేయలేం.

ఇప్పుడు ఆ మెట్ల సంగతికి వద్దాం. మెట్టు ఎక్కేటప్పుడు ముందు తొడ కండరం ముడుచుకుంటూ మిమ్మల్ని పైకి లేపుతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ ఒంటి బరువుని బ్రేకులా ఆపుతుంది. ఇలా సాగుతూ బరువు ఆపినప్పుడే కండర పోగుల్లో కంటికి కనిపించని చిన్న చిన్న చీలికలు ఎక్కువ పడతాయి. శరీరం వాటిని బాగుచేయడం మొదలుపెట్టాక అక్కడ కొద్దిగా వాపు వస్తుంది, నరాల కొసలు సున్నితమవుతాయి. ఈ పనంతా జరగడానికి గంటలు పడుతుంది కాబట్టే నొప్పి ఆలస్యంగా వస్తుంది. పల్లానికి పరిగెత్తడం, స్క్వాట్‌లో కిందికి దిగడం, డంబెల్‌ని నెమ్మదిగా దించడం, అన్నీ ఈ కోవలోవే. ఈ నొప్పి కండరం లోపలి చీలికల వల్ల వస్తుందని 1902లోనే థియోడర్ హఫ్ అనే శాస్త్రవేత్త రాశాడు.

పొద్దున మంచం దిగలేకపోతున్నాను

పడుకుంటే ఇంకా బిగుసుకుంటుంది. పదిహేను ఇరవై నిమిషాలు తీరిగ్గా నడవండి, లేదా పెడల్ మీద బలం పెట్టకుండా తేలిగ్గా సైకిల్ తొక్కండి. ఒళ్లు వేడెక్కేసరికి నొప్పి సగం దిగినట్టు ఉంటుంది. ఒక గంట తర్వాత మళ్లీ రావచ్చు. అంతమాత్రాన పనిచేయలేదనుకోకండి. కదలిక ఉపశమనం ఇస్తుంది, మానడానికి పట్టే టైమ్ పడుతుంది. తేలికపాటి మసాజ్, ఫోమ్ రోలర్ (కండ కింద పెట్టి దొర్లించే గట్టి ఫోమ్ గొట్టం) కూడా అంతే. కళ్లు గట్టిగా మూసుకోవాల్సినంత ఒత్తిడితో రుద్దడం మాత్రం వద్దు. 10 నుంచి 15 డిగ్రీల చల్లటి నీళ్లలో పది నిమిషాలు కూర్చుంటే కొందరికి హాయిగా ఉంటుంది. అయితే కండ పెంచుకోవడానికి బరువులెత్తేవాళ్లు ప్రతిసారీ అలా చేస్తే ఆ పెరుగుదలే తగ్గొచ్చు.

స్ట్రెచింగ్ మీద ఆశ పెట్టుకోకండి. ముందు చేసినా తర్వాత చేసినా ఈ నొప్పిలో వచ్చే తేడా లెక్కలోకి రానంత తక్కువ. ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రల విషయంలో నా మాట ఒక్కటే: చాలా దూరం పరిగెత్తి, చెమటోడ్చి, ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు వేసుకోవద్దు. కిడ్నీలకు అది మంచిది కాదు.

మళ్లీ ఎప్పుడు పరిగెత్తాలి?

నొప్పి ఉన్నన్నాళ్లూ కండరం బలం కూడా తగ్గి ఉంటుంది. కుంటుతూ పరిగెత్తితే ఆ భారం మోకాలి మీదో మడమ మీదో పడుతుంది. నేను చూసుకునే పద్ధతి ఇది: ఒక్క కాలి మీద నిలబడి, రెండో కాలితో ఒక మెట్టు నెమ్మదిగా దిగుతాను. నిలబడ్డ కాలి మోకాలు లోపలికి వాలినా, వణికినా ఆ రోజుకి నడకే. నిటారుగా దిగగలిగితే, కాస్త బిగువున్నా తేలికగా పరిగెత్తొచ్చు.

ప్రతిసారీ వస్తోంది

అయితే మోతాదు ఎక్కువై ఉండాలి, లేదా మధ్యలో విరామం ఎక్కువై ఉండాలి. కండరం ఒకసారి ఈ దెబ్బ తిని కోలుకుంటే, అదే పనికి తర్వాత కొన్ని వారాల పాటు అంతగా నొప్పి పెట్టదు. చిన్న మోతాదైనా ఆ రక్షణ కొంత వస్తుంది. మీ రేసులో పల్లాలున్నాయంటే, మూడు నాలుగు వారాల ముందు నుంచే వారానికోసారి ఒక చిన్న పల్లాన్ని వెతుక్కుని, మొదటిసారి రెండే రెండు సార్లు, అదీ చిన్న చిన్న అడుగులతో దిగి రండి. మర్నాడు తొడలు కాస్త తెలిసీ తెలియనట్టు నొప్పిపెడితే మోతాదు సరిపోయినట్టే. తర్వాతి వారం మూడుసార్లు దిగండి.