కొన్న ఎన్‌ఎఫ్‌టీ వాలెట్‌లో కనిపించకపోతే: నా అనుభవం

పాలిగాన్ అనే బ్లాక్‌చెయిన్ (అందరూ చూడగలిగే ఉమ్మడి డిజిటల్ లెక్కల పుస్తకం) నెట్‌వర్క్‌లో ఒక బొమ్మను ఎన్‌ఎఫ్‌టీగా, అంటే యజమాని పేరిట అందులో నమోదయ్యే డిజిటల్ టోకెన్‌గా కొన్నాను. డబ్బు వెళ్లింది, రసీదు వచ్చింది, ఫోనులోని వాలెట్ (మన ఎన్‌ఎఫ్‌టీలను చూపించే యాప్) మాత్రం ఖాళీ. యాప్ తీసేసి మళ్లీ పెట్టడం, ఫోను మార్చడం, సహాయ విభాగానికి రాయడం, ఏదీ పనిచేయలేదు.

పనిచేసిన పద్ధతి ఇది. ముందు నా వాలెట్ చిరునామాను కాపీ చేసి, పాలిగాన్ లావాదేవీలను చూపించే పాలిగాన్‌స్కాన్ వెబ్‌సైట్‌లో వెతికాను. ఎన్‌ఎఫ్‌టీ బదిలీల విభాగంలో బొమ్మ నా చిరునామాకే చేరినట్టు కనిపించింది. ప్రాణం కుదుటపడింది. యజమాని ఎవరన్న లెక్క బ్లాక్‌చెయిన్‌లోనే ఉంటుంది. వాలెట్ దాన్ని చదివి చూపిస్తుంది, అంతే. ఆ లావాదేవీ తెరిచి రెండు వివరాలు రాసుకున్నాను: సున్నా, ఎక్స్‌లతో మొదలయ్యే 42 అక్షరాల కాంట్రాక్టు చిరునామా (ఆ ఎన్‌ఎఫ్‌టీని నడిపే ప్రోగ్రాం చిరునామా), టోకెన్ ఐడీ (అందులో నా బొమ్మ సంఖ్య). తర్వాత వాలెట్‌ను ఇథీరియం అనే మరో నెట్‌వర్క్ నుంచి పాలిగాన్‌కు మార్చి, చెయిన్ ఐడీ (నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్య) 137 అని సరిచూసుకున్నాను. అప్పుడు ఎన్‌ఎఫ్‌టీల విభాగంలో ఇంపోర్ట్ నొక్కి ఆ రెండు వివరాలూ అతికించగానే బొమ్మ ప్రత్యక్షమైంది. నెట్‌వర్క్ మార్చడం ముందే జరగాలి, లేకపోతే వాలెట్ ఒప్పుకోదు.

డబ్బు కట్టిన మనిషి చేత ఇంత తవ్వించడం అన్యాయమని గట్టిగా అనుకుంటున్నాను.

ఇది అందరికీ పనిచేస్తుందని చెప్పలేను. బొమ్మ ఫైలు ఉంచిన సర్వర్ ఆగిపోతే ఇంపోర్ట్ తర్వాత కూడా ఖాళీ గడే కనిపించవచ్చు. బదిలీయే నమోదు కాకపోతే అమ్మినవారినే అడగాలి. ఈ పనిలో ఎక్కడా వాలెట్ తాళంచెవి లాంటి రహస్య పదాల వరుస అవసరం లేదు. సాయం చేస్తామంటూ ఎవరైనా అడిగితే ఇవ్వకండి.