సర్వర్ పాత పేజీనే చూపిస్తోందా? ముందు ఆ కాపీ ఎక్కడుందో పట్టుకోండి

పేజీ మార్చారు. సర్వర్లో ఫైలు కొత్తదే ఉంది. అయినా తెరిస్తే నిన్నటి పేజీయే వస్తోంది. ఇలాంటప్పుడు చాలామంది కనిపించిన క్యాష్‌లన్నీ (పేజీ కాపీలు దాచుకునే చోట్లు) ఖాళీ చేసి సర్వర్‌ని రీస్టార్ట్ చేస్తారు. దయచేసి ఆ పని మాత్రం ముందే చేయకండి. పేజీ అప్పటికి బాగుపడుతుంది గానీ, పాత కాపీ ఏ పొరలో ఉందో చెప్పే ఆధారం కూడా చెరిగిపోతుంది. తర్వాతి అప్‌డేట్‌కి మళ్లీ అదే టెన్షన్.

ఆ పొరలు ఇవి: బ్రౌజర్, సీడీఎన్ (సైట్ కాపీలను పలుచోట్ల ఉంచి దగ్గర్లోంచి పంపే సర్వర్లు), ఎన్‌జినెక్స్ లేదా వార్నిష్ లాంటి రివర్స్ ప్రాక్సీ (అప్లికేషన్ ముందు నిలబడి రిక్వెస్టులు అందుకునేది), పేజీని తయారుచేసే అప్లికేషన్. వీటిలో ప్రతిదానికీ సొంత క్యాష్ ఉండొచ్చు. బయటి నుంచి లోపలికి ఒక్కొక్కటే చూసుకుంటూ రండి.

సమస్య: మామూలు విండోలో పాతది, ఇన్‌కాగ్నిటోలో కొత్తది

కారణం మీ బ్రౌజర్లోనే ఉంది. సైట్‌కి సర్వీస్ వర్కర్ (బ్రౌజర్లో వెనక నడుస్తూ, దాచిన కాపీలను ఇవ్వగల స్క్రిప్ట్) ఉంటే మొదటి అనుమానం దానిమీదే. డెవలపర్ టూల్స్‌లో దాన్ని అన్‌రిజిస్టర్ చేసి చూడండి.

అది కాకపోతే క్యాష్-కంట్రోల్ హెడర్ చూడండి. హెడర్ అంటే పేజీతోపాటు సర్వర్ పంపే చిన్న సమాచారం, ఇది కాపీని ఎలా దాచుకోవాలో చెబుతుంది. అది అసలు లేకపోతే ఎంతకాలం దాచుకోవాలో బ్రౌజరే అంచనా వేసుకుంటుంది. ఫైలు చివరిసారి మారి ఎంతకాలమైందో అందులో 10 శాతం అన్నది మామూలు లెక్క. అంటే 100 రోజులుగా మారని పేజీని 10 రోజులు దాచుకోవచ్చు.

పరిష్కారం: హెచ్‌టీఎంఎల్ పేజీలకు ఆ హెడర్లో 'నో-క్యాష్' పెట్టండి. పేరు చూసి పొరబడకండి, దీని అర్థం దాచుకోవద్దని కాదు, వాడే ముందు ప్రతిసారీ సర్వర్‌ని అడగమని. మారకపోతే సర్వర్ 304 అని చిన్న జవాబిస్తుంది, అంతే. అసలు దాచుకోవద్దని చెప్పేది 'నో-స్టోర్'. సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ ఫైళ్ల పేర్లలో హ్యాష్ (ఫైల్లో ఉన్నదాన్నిబట్టి లెక్కించే కోడ్) చేర్చి, వాటికి ఏడాది గడువు ఇచ్చినా భయం లేదు. ఫైలు మారితే పేరూ మారుతుంది కదా.

సమస్య: అందరికీ పాతదే వస్తోంది

ఇక్కడ ఓపిక కావాలి. కర్ల్ అనే కమాండ్ లైన్ టూల్‌తో పేజీని అడిగి, జవాబులోని హెడర్లు చదవండి. 'ఏజ్' అనే హెడర్లో అంకె సెకనుసెకనుకీ పెరుగుతుంటే, మధ్యలో ఏదో క్యాష్ జవాబిస్తోందన్నమాట. తర్వాత కర్ల్‌లోని రిజాల్వ్ ఆప్షన్‌తో సీడీఎన్‌ని దాటి నేరుగా అసలు సర్వర్ ఐపీని అడగండి. అక్కడ కొత్తది వస్తే సీడీఎన్‌లో ఆ యూఆర్ఎల్ కాపీ ఒక్కటే పర్జ్ చేయండి, అంటే తీసేయండి. క్యాష్-కంట్రోల్‌లో గడువు చెప్పే 'ఎస్-మ్యాక్సేజ్' విలువ కూడా సరిచూడండి, సీడీఎన్ లాంటి ఉమ్మడి క్యాష్‌లు మామూలు మ్యాక్సేజ్‌కన్నా దాన్నే పాటిస్తాయి.

అసలు సర్వర్‌ని నేరుగా అడిగినా పాతదే వస్తే, ఆ సర్వర్లోంచే అప్లికేషన్ పోర్టుని అడగండి. అక్కడ కొత్తది కనిపిస్తే మిగిలింది రివర్స్ ప్రాక్సీయే. ఎన్‌జినెక్స్ అయితే క్యాష్ స్టేటస్‌ని ఒక హెడర్‌గా పంపేలా సెట్ చేయండి. అందులో 'హిట్' (క్యాష్‌లోంచే ఇచ్చింది) అని వస్తే గడువు తగ్గించాలి. 'స్టేల్' (గడువు తీరిన కాపీ) అని వస్తే మాత్రం క్యాష్‌ని తిట్టుకోకండి. వెనకున్న అప్లికేషన్ జవాబివ్వక, మీ సెట్టింగ్ ప్రకారం ఎన్‌జినెక్స్ పాత కాపీతో నెట్టుకొస్తూ ఉండొచ్చు. అప్పుడు చూడాల్సింది ఎర్రర్ లాగ్. క్యాష్ ఖాళీ చేస్తే ఉన్న పాత పేజీ కూడా పోయి అందరికీ 502 ఎర్రర్ కనిపిస్తుంది.

సమస్య: రిఫ్రెష్ చేస్తే ఒకసారి పాతది, ఒకసారి కొత్తది

లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే రిక్వెస్టులను పలు సర్వర్లకు పంచేది) వెనక ఒక సర్వర్‌కి కొత్త కోడ్ చేరలేదేమో చూడండి. ప్రతి జవాబులో సర్వర్ పేరు ఒక హెడర్‌గా పంపితే అది ఏ సర్వరో వెంటనే తెలుస్తుంది.

సమస్య: పీహెచ్‌పీ ఫైలు మార్చినా పాత కోడే నడుస్తోంది

పీహెచ్‌పీ కోడ్‌ని సిద్ధం చేసి దాచుకునే ఆప్‌క్యాష్‌లో, ఫైలు మారిందా అని చూసే సెట్టింగ్ ఆపేసి ఉంటుంది. లైవ్ సర్వర్లో వేగం కోసం అలా ఆపడం మామూలే. దాన్ని అలాగే ఉంచి, డిప్లాయ్ స్క్రిప్ట్ (కొత్త కోడ్ సర్వర్‌కి ఎక్కించే స్క్రిప్ట్) చివర, పీహెచ్‌పీని నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం రీలోడ్ చేర్చండి.