మిర్చి తోటలో లద్దె పురుగుకు ఆముదం ఎర

నర్సంపేట వైపు మిర్చి వేసేవాళ్లకు లద్దె పురుగు కొత్త కాదు. ఎదిగిన పురుగు రాత్రి తిని పగలు మట్టిలో దాక్కుంటుంది, మందుకు అంత తేలిగ్గా దొరకదు. మా తోటలో మందుల ఖర్చు పెరిగిందే కానీ కాయలకు తూట్లు తగ్గలేదు.

అందుకే పంట వేసే తీరే మార్చాను. చుట్టూ మూడు సాళ్ల జొన్న, లోపల అక్కడక్కడా ఆముదం, బంతి. గుడ్లు పెట్టడానికి ఆముదం ఆకంటే లద్దె తల్లి పురుగుకు (రెక్కల పురుగుకు) మహా ఇష్టం. పొద్దున్నే ఆకు తిప్పి చూస్తే అడుగున గోధుమరంగు నూగు కప్పుకున్న గుడ్ల ముద్ద కనిపిస్తుంది, ఒక్కోదాంట్లో వందల గుడ్లు. పిల్ల పురుగులు గుంపుగా ఆకును గీకి జల్లెడ చేస్తాయి. అప్పటికైనా ఆ ఆకు తుంచి కిరోసిన్ నీళ్లలో వేస్తే సరి. వదిలేస్తే మాత్రం పురుగును మనమే పెంచినట్టు!

బంతి, కాయ తొలిచే శనగపచ్చ పురుగును తన వైపు లాగుతుంది. జొన్న పక్క చేల నుంచి గాలికి వచ్చే తెల్లదోమకు అడ్డు. జొన్న మీది పేనుబంకను తినడానికి వచ్చే అక్షింతల పురుగులు మిర్చిలోకీ దిగి మేలు చేస్తాయి.

ఒకే పంట గుంపుగా ఉంటే పురుగు తేలిగ్గా పట్టేసి అక్కడే ఉండిపోతుందని అమెరికా శాస్త్రవేత్త రిచర్డ్ రూట్ 1973లోనే రాశాడు. మా తోటలో ఈసారి లద్దెకు మందు కొట్టడం బాగా తగ్గింది. 2021లో విరుచుకుపడిన నల్ల తామర పురుగుకు మాత్రం ఇదొక్కటే చాలదు, నీలి జిగురు అట్టలూ పెట్టాలి.

ఆముదం మిర్చి నాటడానికి ముందే విత్తండి. ఆలస్యమైతే లద్దె వచ్చే నాటికి ఆకు ఎదగదు.